వెర్రి వేయి విధాలు: నెల్లూరు తీరంలో బైపోలార్ రుగ్మత లక్షణాలను గుర్తించిన తీరు - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

బైపోలార్ రుగ్మత రెండు ముఖాల వ్యాధి. ఒక విడత ఉద్రేకం, మరొక విడత విషాదం, నడుమ మామూలు జీవితం. ఈ మూడింటినీ కలిపి చూసినప్పుడే వ్యాధి కనిపిస్తుంది. నెల్లూరు ప్రాంతంలో మనోవ్యాధిగ్రస్తులను చూసిన వ్యవస్థలు, అంటే కుటుంబం, పోలీసు, న్యాయస్థానం, మద్రాసు పిచ్చాసుపత్రి, దర్గా, ఒక్కొక్కటీ వ్యాధిలో ఏ భాగాన్ని చూడగలిగాయి, ఏ భాగాన్ని చూడలేకపోయాయి అన్నది ఈ వ్యాసంలో పరిశీలించడమైనది. తెలుగు వాడుకలోని మాటలు, 1858 నుంచి 2017 వరకు వచ్చిన చట్టాలు, మనోవైద్యశాస్త్ర పరిణామం ఇందుకు ఆధారాలు.

కీలక పదాలు: బైపోలార్ రుగ్మత, ఉన్మాదం, విషాదం, నెల్లూరు, కీల్పాక్, దర్గా, లిథియం, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం.

1. ఉపోద్ఘాతం

"వెర్రి వేయి విధాలు" అన్న సామెతను మనం ఎగతాళికే ఎక్కువగా వాడుతున్నాం. అయితే ఆ మాట పుట్టినప్పుడు దాని వెనుక ఒక పరిశీలన ఉండి ఉండాలి. మతి తప్పిన వారందరూ ఒకే విధంగా ఉండరని, ఒకే మనిషి కూడా అన్నివేళలా ఒకే విధంగా ఉండడని చూసినవారే ఆ మాట అనగలరు. మరొక సామెత ఇంకా ఆసక్తికరమైనది: "పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు." ఇందులోని హాస్యం సంగతి అలా ఉంచి క్రియాపదాన్ని గమనించాలి. గాయం మానుతుంది, రోగం నయమవుతుంది, పిచ్చి మాత్రం కుదురుతుంది. అది ఎక్కుతుంది, ముదురుతుంది, తగ్గుతుంది, తిరగబెడుతుంది. తెలుగు వాడుక ఉన్మాదాన్ని ఒక స్థిరమైన లోపంగా కాక, వచ్చిపోయే స్థితిగా పట్టుకున్నదని ఈ క్రియలు చెబుతున్నాయి.

ఈ వచ్చిపోయే స్వభావమే బైపోలార్ రుగ్మతకు ప్రాణం. నేటి వైద్య నిర్వచనం ప్రకారం ఉద్రేక దశ, అంటే మేనియా, కనీసం వారం రోజులు ఉండాలి. అంతకంటే తక్కువ తీవ్రత గల హైపోమేనియాకు కనీసం నాలుగు రోజులు, విషాద దశకు కనీసం రెండు వారాలు. ఉద్రేకంలో ఉన్న మనిషి రెండు మూడు గంటలే నిద్రపోయి కూడా అలసట ఎరగడు. మాట ఆగదు, ఒక ఆలోచన ముగియకముందే మరొకటి మొదలవుతుంది. తనకు అసాధ్యమైనది లేదనిపిస్తుంది, డబ్బు నీళ్లలా ఖర్చవుతుంది, అడ్డు చెప్పినవారిపై కోపం పెల్లుబుకుతుంది. లైంగిక విషయాలలో పూర్వం లేని తెగువ కూడా కనిపించవచ్చు. విషాద దశలో ఇదంతా తలకిందులవుతుంది. మంచం దిగడు, మాట్లాడడు, ఇష్టమైన పనిపై కూడా ఆసక్తి ఉండదు, తాను దేనికీ పనికిరానని నమ్ముతాడు, చావు గురించి ఆలోచిస్తాడు. ఈ రెండింటి మధ్య నెలలో, సంవత్సరాలో ఎప్పటి మనిషిగానే ఉంటాడు. సాధారణంగా పద్దెనిమిది నుంచి పాతికేళ్ల ప్రాయంలో, చదువు, ఉద్యోగం, పెళ్లి ఒకదానిపై ఒకటి వచ్చిపడే కాలంలో ఇది మొదలవుతుంది.

ఏ ఒక్క దశను విడిగా చూసినా వ్యాధి పేరు తప్పుతుంది. ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న ఇక్కడే పుట్టింది: నెల్లూరు తీరంలో ఈ మనిషిని ఎవరు, ఎప్పుడు, ఏ దశలో చూశారు?

2. మాటల సాక్ష్యం

చరకసంహిత నిదానస్థానంలోను, చికిత్సాస్థానంలోను ఉన్మాదాన్ని వివరించింది. వాత, పిత్త, కఫ, సన్నిపాత, ఆగంతుకాలని ఐదు విధాలు చెప్పింది. అకారణంగా నవ్వడం, పాడడం, ఆడడం, ఏడవడం వాతోన్మాదంలో కనిపిస్తాయి. అసహనం, బెదిరింపు, బట్టలు విసర్జించడం, పరుగులు తీయడం, చల్లదనాన్ని, నీడను కోరుకోవడం పిత్తోన్మాదం. మితభాషణం, ఏకాంతవాసం, అన్నంపై అరుచి, అతినిద్ర కఫోన్మాదం. ఈ వర్ణనలను చదివిన ఆధునిక పాఠకుడు మొదటి రెండింటిలో మేనియాను, మూడవదానిలో విషాదాన్ని గుర్తిస్తాడు. గుర్తించడంలో తప్పులేదు కానీ అక్కడే ఆగాలి. చరకుడు వీటిని వేర్వేరు దోషాల వల్ల కలిగే వేర్వేరు ఉన్మాదాలుగా విడదీశాడు. ఒకే రోగి వేసవిలో పిత్తోన్మాదిగాను, మరుసటి ఏడు కఫోన్మాదిగాను కనిపించవచ్చన్న విషయం ఆ వర్గీకరణలో ప్రధానం కాదు. మన ప్రాచీనులు బైపోలార్ రుగ్మతను ముందే కనుగొన్నారని వాదించేవారు తరచుగా ఈ తేడాను దాటవేస్తుంటారు. లక్షణాలను చూడడం వేరు, వాటిని ఒక జీవితకాలపు వరుసలో పెట్టి చూడడం వేరు.

పాశ్చాత్య వైద్యం కూడా ఆ వరుసను పట్టుకోవడానికి చాలా కాలం తీసుకుంది. కప్పడోషియాకు చెందిన గ్రీకు వైద్యుడు అరెటియస్ ఉద్రేకానికి, విషాదానికి సంబంధం ఉన్నదని సూచించినా, 19వ శతాబ్దం నడుమ వరకు ఆ రెండూ వేర్వేరు రోగాలుగానే చలామణి అయ్యాయి. 1854లో పారిస్‌లో ఫాల్రే, బైయార్జే అనే ఇద్దరు వైద్యులు కొద్ది రోజుల తేడాతో ఒకే విషయాన్ని వేర్వేరు పేర్లతో ప్రకటించి, ఎవరు ముందన్న తగవుకు దిగారు. ఫాల్రే పెట్టిన పేరుకు "వలయాకార ఉన్మాదం" అని అర్థం చెప్పుకోవచ్చు. 1899లో జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ వీటన్నింటినీ ఉన్మాద విషాద రోగం అన్న ఒకే గొడుగు కిందికి తెచ్చాడు. ఆయన పద్ధతిలోని విశేషం, రోగి ఈ రోజు ఎలా ఉన్నాడన్నదానికంటే ఇన్నేళ్లలో ఎలా నడిచాడన్నదానికి విలువ ఇవ్వడం. "బైపోలార్" అన్న మాట 1957లో లియోన్‌హార్డ్ వర్గీకరణతో ప్రచారంలోకి వచ్చి, 1980లో అమెరికన్ మనోవైద్య సంఘం ప్రచురించిన వర్గీకరణ గ్రంథం ద్వారా స్థిరపడింది.

తెలుగు వాడుకలో ఉద్రేకానికి మాటలు కొల్లలు: పిచ్చి, వెర్రి, ఉన్మాదం, మతి చలించడం, గాలి సోకడం, దెయ్యం పట్టడం. విషాద దశకు రోగసూచకమైన మాట వెతికితే దొరకడం కష్టం. దిగులు ఉంది, బెంగ ఉంది, కానీ అవి రోగాల పేర్లు కావు, మనసు కష్టాల పేర్లు. రెండు నెలలు మంచం దిగని యువకుణ్ణి ఇంట్లోవారు ఏమంటారు? సోమరి అంటారు. బాధ్యత లేనివాడంటారు. అదే యువకుడు ఆరు నెలల తర్వాత రాత్రంతా మేలుకొని వీధిలో ఉపన్యాసం ఇస్తే అప్పుడు పిచ్చి అంటారు. ఒకే రోగంలోని ఒక సగం నైతిక దోషంగా, మరో సగం దైవికమైన లేదా భౌతికమైన ఉపద్రవంగా రెండు ఖాతాలలో జమ అయ్యాయి. ఈ రెండు ఖాతాలను కలిపే మాట భాషలో లేకపోవడం, ఈ వ్యాసకర్త దృష్టిలో, గుర్తింపు ఆలస్యం కావడానికి ఉన్న కారణాలలో చిన్నది కాదు.

3. మద్రాసు దారి

మద్రాసులో తొలి పిచ్చాసుపత్రిని 1794లో వాలెంటైన్ కొనొలీ అనే సర్జన్ ఏర్పాటు చేశాడు. 1871లో కీల్పాక్‌లోని విశాలమైన తోటలోకి ప్రభుత్వ పిచ్చాసుపత్రి వచ్చింది. 1922లో అది మెంటల్ హాస్పిటల్‌గా, 1978లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌గా పేరు మార్చుకుంది. మద్రాసు రాష్ట్రంలో భాగమైన నెల్లూరు జిల్లాకు ఇదే దగ్గరి పెద్దాసుపత్రి. తీరం వెంబడి సాగే బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లోను, 1899లో మద్రాసు బెజవాడ రైలుమార్గం పూర్తయ్యాక రైలులోను మద్రాసు చేరుకోవచ్చు. తెలుగువారికి ఎర్రగడ్డ ఎలాంటిదో, తమిళులకు కీల్పాక్ అలాంటిది. ఊరి పేరే రోగానికి మారుపేరయింది.

అక్కడికి చేరేది ఎవరన్నది చట్టం నిర్ణయించింది. 1858లో పిచ్చివారికి సంబంధించి వరుసగా మూడు చట్టాలు వచ్చాయి. వాటిలో 35వ చట్టం ఆస్తుల సంరక్షణ గురించినది, 36వ చట్టం ఆసుపత్రుల గురించినది. ఈ 36వ చట్టం ప్రకారం దిక్కులేక తిరుగాడుతున్న మతిస్థిమితం లేనివారిని, ఇతరులకు ప్రమాదకరంగా కనిపించేవారిని పోలీసులు పట్టుకొని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచవచ్చు. తిరగడం, భయపెట్టడం, ఈ రెండే రాజ్యం కంటికి ఆనిన లక్షణాలు. మూలగదిలో గోడవైపు తిరిగి పడుకున్న మనిషి తిరుగాడడు, ఎవరినీ భయపెట్టడు. అతని విషాదం పోలీసు కంట పడదు. ఆస్తి తగాదా వచ్చినప్పుడు మాత్రం 35వ చట్టం కింద అతని పేరు జిల్లా కోర్టుకు ఎక్కే అవకాశం ఉంది. అప్పుడు కూడా ప్రశ్న అతని బాధ గురించి కాదు, భూమి గురించి.

పోలీసు పరిశీలన ఎంత నమ్మదగినదో 1893-94 నాటి భారత గంజాయి విచారణ సంఘం పని చూస్తే తెలుస్తుంది. పిచ్చాసుపత్రుల రికార్డులలో గంజాయే కారణమని రాసిన కేసులను ఆ సంఘం తిరిగి విచారించింది. ఎక్కువ కేసులలో ఆ నమోదుకు సరైన ఆధారం లేదని తేల్చింది. కారణం అన్న గడి ఖాళీగా ఉండకూడదు కనుక పోలీసులు, కింది ఉద్యోగులు తోచినది రాశారు. నిద్రలేని కళ్లు, ఆగని మాట, అకారణమైన ఉత్సాహం చూసిన కానిస్టేబులుకు గంజాయి తోచడంలో ఆశ్చర్యం లేదు. నేటికీ మత్తుపదార్థాల ప్రభావాన్ని, మేనియాను విడదీసి చూడడం వైద్యుడు చేయవలసిన తొలి పనులలో ఒకటి. రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండడం కూడా అరుదు కాదు.

1912 నాటి 4వ చట్టం, అంటే ఇండియన్ లూనసీ చట్టం, కొంత పద్ధతిని తెచ్చింది. బంధువులు అర్జీ పెట్టుకోవచ్చు. ఆ అర్జీకి రెండు వైద్య ధ్రువపత్రాలు జతచేయాలి. ఆ ధ్రువపత్రం నమూనా చట్టం షెడ్యూలులోనే ఉంది. దాన్ని శ్రద్ధగా చదవడం చరిత్రకారునికి అవసరం. అందులో రెండు భాగాలున్నాయి. మొదటిది, పిచ్చి ఉన్నదని సూచించే, వైద్యుడు స్వయంగా గమనించిన విషయాలు. రెండవది, ఇతరులు తనకు తెలిపిన విషయాలు, ఏవైనా ఉంటే. "ఏవైనా ఉంటే" అన్న షరతు చిన్నదిగా కనిపిస్తుంది. బైపోలార్ రుగ్మత విషయంలో అసలు కథ అంతా ఆ రెండవ భాగంలోనే ఉంటుంది. వైద్యుడు చూసేది ఒక రోజు మనిషిని. రెండేళ్ల క్రితం అతడు మూడు నెలలు మౌనంగా ఉన్నాడని, అంతకుముందు ఏడు ఉన్నట్టుండి ఇల్లు తాకట్టు పెట్టి వ్యాపారం మొదలుపెట్టాడని చెప్పగలిగేది తల్లి, భార్య, అన్న. ఆ మాటలకు చట్టం చోటిచ్చింది కానీ, వాటిని ఐచ్ఛికం చేసింది.

ఆసుపత్రికి చేరిన తర్వాత జరిగినది మరొక విధమైన విభజన. వార్షిక నివేదికల పట్టికలలో రోగులను మేనియా, మెలాంకోలియా, డిమెన్షియా అంటూ వేర్వేరు గడులలో లెక్కించేవారు. ఒక సంవత్సరం ఉద్రేకంతో చేరి, కుదుటపడి ఇంటికి వెళ్లి, మూడేళ్ల తర్వాత విషాదంతో తిరిగి వచ్చిన మనిషి ఆ పట్టికలో ఇద్దరు మనుషులు. మొదటిసారి "నయమై వెళ్లినవారు" గడిలో ఒక అంకె, రెండవసారి "కొత్తగా చేరినవారు" గడిలో మరొక అంకె. పాత నివేదికలలో నయమైనవారి సంఖ్యను చూసి ఆ కాలపు చికిత్స గొప్పదని గాని, ఆ సంఖ్యలన్నీ బూటకమని గాని తీర్మానించేముందు ఇది గుర్తుంచుకోవాలి. మేనియా విడత చికిత్స లేకపోయినా కొన్ని నెలలకు తగ్గిపోతుంది. చాలామంది నిజంగానే నయమై వెళ్లారు. కొందరు నిజంగానే మళ్లీ వచ్చారు.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాష్ట్రం కోసం ప్రాణమిచ్చిన పొట్టి శ్రీరాములు పేరే నేడు నెల్లూరు జిల్లాకు ఉంది. అయితే మనోవైద్యం దృష్టిలో ఈ విభజనకు ఒక ఇబ్బందికరమైన ఫలితం ఉన్నది. సుమారు 175 కిలోమీటర్ల దూరంలోని మద్రాసు పరాయి రాష్ట్రమైంది. సొంత రాష్ట్రంలోని మానసిక ఆసుపత్రి ఆరువందల కిలోమీటర్ల అవతల విశాఖపట్నంలో ఉన్నది. కలిగినవారు మద్రాసుకో, వేలూరుకో, తర్వాతి కాలంలో బెంగళూరు నిమ్హాన్స్‌కో వెళ్లారు. తక్కినవారికి దగ్గరగా ఉన్నవి దర్గాలు.

4. దర్గాలో గడిపిన వారాలు

అనుమసముద్రంపేట దర్గా, కసుమూరు దర్గా, ఈ రెండూ నెల్లూరు జిల్లాలో మనోవ్యాధిగ్రస్తులను తీసుకువచ్చే క్షేత్రాలుగా ప్రసిద్ధి చెందాయి. వచ్చేవారిలో హిందువులు, ముస్లింలు అన్న భేదం లేదు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో మొహర్రం సమయంలో జరిగే రొట్టెల పండుగలో ఆరోగ్య రొట్టె కోసం వరుసలో నిలబడేవారిని చూసినా ఈ సంగతి బోధపడుతుంది. మొక్కుబడి ప్రకారం కుటుంబం రోగితో కలిసి కొన్ని వారాలు దర్గా పరిసరాలలోనే ఉంటుంది.

దీన్ని మూఢనమ్మకమని ఒక్క మాటలో కొట్టివేయడం తేలిక. చరిత్రకారునికి ఆ తేలికతనం సరిపోదు. దర్గా మూడు పనులు చేసింది. మొదటిది, రోగిని కుటుంబంతో పాటే చేర్చుకుంది, ఆ కాలపు పిచ్చాసుపత్రి చేయని పని అది. రెండవది, తప్పును రోగిపై కాక గాలిపైన, పీడపైన వేసింది, దానివల్ల కోలుకున్న మనిషి ఊరికి తిరిగి రావడానికి వీలు మిగిలింది. మూడవదానిలోనే చిక్కు ఉన్నది. సహజంగా తగ్గే విడతను అది తన మహిమ ఖాతాలో చేర్చుకుంది. ఉద్రేకం తారస్థాయిలో ఉన్నప్పుడు, ఇంట్లో పట్టలేని స్థితి వచ్చినప్పుడే కుటుంబం బయలుదేరుతుంది. తారస్థాయికి చేరినది కిందికి దిగవలసిందే. ఏడెనిమిది వారాలకు మనిషి నెమ్మదించాడు. కుటుంబం చాదర్ సమర్పించి ఇంటికి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన విషాద దశ ఎవరికీ రోగంగా కనిపించలేదు, అలసట అనుకున్నారు. మరుసటి ఉద్రేకం వచ్చినప్పుడు మళ్లీ పీడ పట్టిందనుకున్నారు. దర్గా చూసినది కూడా సగమే, ఆసుపత్రి చూసిన అదే సగం.

భారతదేశంలో బైపోలార్ రోగులకు విషాద విడతలకంటే ఉద్రేక విడతలే ఎక్కువని ఇక్కడి మనోవైద్యుల అధ్యయనాలు పలుమార్లు పేర్కొన్నాయి. ఇందులో శారీరక కారణాల పాత్ర, వాతావరణం పాత్ర ఉండవచ్చు. కానీ పైన చెప్పిన చరిత్రను దృష్టిలో పెట్టుకుంటే ఒక సందేహం కలుగక తప్పదు. నిశ్శబ్దంగా గడిచిన విషాదాలను ఎవరూ లెక్కలోకి తేలేదేమో.

ఇక్కడ గొలగమూడి వెంకయ్యస్వామి ప్రస్తావన అవసరం. నాగులవెల్లటూరులో పుట్టి, 1982 ఆగస్టు 24న గొలగమూడిలో సిద్ధి పొందిన ఈ అవధూతను తొలినాళ్లలో ఊరివారు "పిచ్చి వెంకయ్య" అన్నారని ఆయన భక్తులే చెప్పుకుంటారు. ఆయనకు ఏదో ఒక రోగనిర్ధారణ తగిలించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. చనిపోయినవారికి వైద్యపరీక్షలు చేయడం చరిత్ర పని కాదు. గమనించవలసినది ఆ పదం నడక. ఈ ప్రాంతంలో "పిచ్చి" అన్న మాట నుంచి దర్గాకు, ఆసుపత్రికి, ఆశ్రమానికి, మూడింటికీ దారులున్నాయి. అందుకే కుటుంబాలు ఆ మాటకు భయపడినంతగా ఆశపడ్డాయి కూడా. రాత్రంతా మేలుకొని దైవం తనతో మాట్లాడుతున్నదని చెప్పే కొడుకును చూసిన తల్లి వెంటనే వైద్యుని దగ్గరికి పరుగెత్తకపోవడానికి అజ్ఞానమొక్కటే కారణం కాదు.

తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రయంలో 2001 ఆగస్టు 6న జరిగిన అగ్నిప్రమాదం ఈ చరిత్రను మలుపు తిప్పింది. గొలుసులతో కట్టివేసిన 28 మంది మంటల్లో చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే ఆ విషయాన్ని విచారణకు స్వీకరించి రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. ప్రార్థనా స్థలాల దగ్గర ఉన్న మనోరోగుల సంగతి అప్పటినుంచి ప్రభుత్వాల దృష్టికి తప్పనిసరిగా రావలసి వచ్చింది.

5. రొయ్యల కాలం

లక్షణాన్ని గుర్తించడమంటే మామూలు నుంచి తేడాను గుర్తించడం. మామూలే మారిపోయిన కాలంలో ఏం జరుగుతుంది? నెల్లూరు తీరానికి 1990ల తొలి సంవత్సరాలు అలాంటివి. వరి పొలాలు, బీడు భూములు రొయ్యల చెరువులుగా మారాయి. టైగర్ రొయ్య డాలర్లు కురిపించింది. పిల్ల రొయ్యలు, మేత, ఏరియేటర్లు అన్నీ అప్పుమీదే వచ్చాయి. రైతులు రాత్రిళ్లు చెరువు గట్లమీద టార్చిలైట్లతో కాపలా కాశారు. 1994 నుంచి తెల్లమచ్చ వ్యాధి చెరువులను ఊడ్చిపెట్టింది. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై తీర్పునిచ్చింది.

నిద్ర తగ్గడం, పెద్ద పెద్ద ప్రణాళికలు, అప్పు చేసి పెట్టుబడి, తిరుగులేని ఆత్మవిశ్వాసం, ఈ నాలుగూ హైపోమేనియా లక్షణాల పట్టికలో ఉన్నవే. ఊరంతా అలా ఉన్నప్పుడు ఒక్కడి ఉత్సాహం రోగమని ఎవరనగలరు? ఊరంతా అప్పులపాలై కుంగినప్పుడు ఒక్కడి విషాదం రోగమని ఎవరనగలరు? ఇలాంటి కాలంలో ఉపయోగపడే గీటురాయి డబ్బు కాదు, నిద్ర. గట్టుమీద మేలుకొన్న రైతు పగలు కునుకు తీస్తాడు, వీలు దొరికితే ఒళ్లు తెలియకుండా పడుకుంటాడు. ఉద్రేకంలో ఉన్న మనిషికి వీలు దొరికినా నిద్ర రాదు, రాలేదని బాధ ఉండదు, మరునాడు అలసట ఉండదు. రెండవ గీటురాయి ఆ మనిషి పాత స్వభావం. మొదటినుంచీ దూకుడుగా ఉండేవాడు దూకుడుగా ఉంటే అది వ్యక్తిత్వం. పైసా లెక్కపెట్టేవాడు ఒక వారంలో ముగ్గురికి మాటిచ్చి భూములు కౌలుకు తీసుకుంటే ఇంట్లోవారు ఆలోచించాలి.

వేటకు వెళ్లే మత్స్యకారులకు నిద్ర సమస్య ఏటా ఉండేదే. జువ్వలదిన్నె, మైపాడు, కృష్ణపట్నం వైపు పడవలు తెల్లవారకముందే కదులుతాయి. వరుసగా నిద్ర చెడడం ఈ రుగ్మత ఉన్నవారిలో కొత్త విడతను రేపగలదు. 1984, 1989 నవంబర్ తుఫానులు, 2004 డిసెంబర్ 26 నాటి సునామీ వంటి ఉపద్రవాలలో పునరావాస శిబిరాలలో రాత్రులు గడిపినవారి విషయంలో తిండి, గుడ్డతో పాటు నిద్ర కూడా సహాయంలో భాగమని గుర్తించడానికి మనకు ఇంకా చాలాకాలం పట్టింది. బాలింతల సంగతి మరీ ముఖ్యం. కాన్పు జరిగిన తొలి వారాలలో ఉన్నట్టుండి నిద్ర మాని, అసంబద్ధంగా మాట్లాడి, బిడ్డ గురించి విపరీతమైన మాటలనే తల్లికి గాలి సోకిందని దిష్టి తీసేవారు. ఆ స్థితికి బైపోలార్ రుగ్మతతో గట్టి సంబంధముందని, అది గంటలు, రోజుల లెక్కన చూడవలసిన అత్యవసర పరిస్థితి అని నేటి వైద్యం చెబుతోంది.

6. మందు, ఉప్పు

కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో సర్పగంధ వేరు ఉన్మాదానికి, రక్తపోటుకు పనిచేస్తుందని ప్రకటించారు. 1952లో ఆ వేరునుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ప్రపంచమంతటా దాన్ని వాడినప్పుడు ఒక వింత బయటపడింది. ఉద్రేకాన్ని అణిచే ఆ మందు తీసుకున్నవారిలో కొందరు తీవ్ర విషాదంలోకి జారారు. విషాదానికి మెదడులోని రసాయనాలతో సంబంధముందన్న ఊహకు ఊతమిచ్చిన ఆధారాలలో ఇదొకటి.

అంతకుముందే, 1949లో, ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు లిథియం లవణం ఉద్రేకాన్ని తగ్గిస్తుందని చూపాడు. విడతలు మళ్లీ రాకుండా ఆపడంలో, ఆత్మహత్యలను తగ్గించడంలో లిథియం ఇప్పటికీ ముందువరుసలోని మందు. దానికి నెల్లూరు తీరంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. శరీరంలో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం మోతాదు పెరిగి విషమిస్తుంది. రోహిణీకార్తె ఎండలో ఇసకపల్లి ఉప్పుమడులలో పనిచేసే మనిషి, వేటలో రోజంతా చెమటోడ్చే మనిషి, రక్తపోటు ఉందని ఎవరో చెప్పగా అకస్మాత్తుగా ఉప్పు మానేసిన మనిషి, వాంతులు విరేచనాలు పట్టుకున్న మనిషి, వీరందరూ ఆ ప్రమాదపు అంచున ఉన్నవారే. చేతులు ఎక్కువగా వణకడం, నడక తూలడం, మాట ముద్దకావడం కనిపిస్తే మందు మోతాదు గురించి వెంటనే వైద్యుని అడగాలి. అందుకే ఈ మందుకు క్రమబద్ధమైన రక్తపరీక్ష తప్పనిసరి. మూత్రపిండాలను, థైరాయిడ్‌ను కూడా చూస్తుండాలి. పరీక్షకు జిల్లా కేంద్రం దాకా వెళ్లవలసి వస్తే మందు మానేసేవారే ఎక్కువవుతారు. దూరం కూడా ఒక దుష్ఫలితమే.

మరొక ప్రమాదం నిర్ధారణలోనే ఉంది. విషాద దశలో వచ్చిన రోగిని అంతకుముందు ఉద్రేకం వచ్చిందా అని అడగకుండా విషాదానికి మాత్రమే మందిస్తే, ఆ మందే ఉద్రేకాన్ని రేపవచ్చు. సరైన పేరు పడడానికి ఏళ్లు పడుతుందని, కొందరి విషయంలో అది పదేళ్ల వరకు సాగుతుందని వివిధ దేశాల అనుభవం. ఈ రుగ్మత ఉన్నవారిలో ఆత్మహత్యలు సాధారణ జనాభాలోకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, ఆ పదేళ్లు కాగితంమీద పదేళ్లు కావు.

7. పెళ్లి, చట్టం, ధ్రువపత్రంలోని రెండవ భాగం

పేరు తెలిసిన తర్వాత కూడా కుటుంబాలు దాన్ని దాస్తాయి. కారణం సామెతలోనే ఉంది, పెళ్లి కుదరదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం మతిస్థిమితం లేకపోవడాన్ని వివాహ అర్హతలోను, విడాకుల కారణాలలోను చేర్చింది. అయితే రోగం పేరొక్కటే విడాకులకు చాలదని, కలిసి బతకడం అసాధ్యమయ్యేంత తీవ్రత ఉండాలని సుప్రీంకోర్టు 1988లో స్పష్టం చేసింది. 2013లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులోనూ అదే దారిలో తీర్పునిచ్చింది. అవి స్కిజోఫ్రీనియాకు సంబంధించిన కేసులే అయినా, విడతల మధ్య పూర్తిగా మామూలుగా ఉండే బైపోలార్ రోగుల విషయంలో ఆ తర్కం మరింత బలంగా వర్తిస్తుంది.

1912 చట్టం స్థానంలో 1987లో మానసిక ఆరోగ్య చట్టం, దాని స్థానంలో 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాయి. 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన ఈ చివరి చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలన్నది. కుదుటగా ఉన్న కాలంలోనే, మళ్లీ విడత వస్తే తనకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగా రాసిపెట్టే హక్కును కూడా ఇచ్చింది. ఈ చివరి నిబంధన బైపోలార్ రోగుల కోసమే రాసినట్టుంటుంది. ఎందుకంటే మామూలు కాలం, విడత కాలం అన్న తేడాను చట్టం గుర్తించింది. 1858లో తిరుగాడే మనిషిని మాత్రమే చూసిన రాజ్యం, కుదిరిన మనిషి మాటను వినడానికి 159 సంవత్సరాలు తీసుకుంది.

2015-16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు బైపోలార్ రుగ్మతకు లోనైన వయోజనులు సుమారు 0.5 శాతం. వారిలో చికిత్స అందనివారు సుమారు 70 శాతం. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. నెల్లూరులో 2014లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడింది. 2022 అక్టోబర్ నుంచి టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఈ సౌకర్యాల దగ్గరికి రోగి వచ్చినప్పుడు వెంట ఎవరు వస్తున్నారన్నదే అసలు విషయం. నేటి మనోవైద్యుడు అడిగే ప్రశ్నలు 1912 నాటి ధ్రువపత్రంలోని రెండవ భాగంలో నింపవలసినవే: ఇంతకుముందు ఎప్పుడైనా వారం పాటు నిద్రలేకుండా హుషారుగా ఉన్నాడా? అప్పుడు ఎంత అప్పు చేశాడు? ఎన్ని నెలలు మంచంమీద ఉన్నాడు? మేనమామలలోనో, పెదనాన్నలలోనో ఇలాంటివారున్నారా? ఉద్రేకంలో ఉన్నవాడు తనకేమీ కాలేదంటాడు. విషాదంలో ఉన్నవాడికి తాను హుషారుగా ఉన్న రోజులు గుర్తుండవు. జవాబులు భార్య దగ్గర ఉంటాయి. ఆమె ఆ తేదీలను తిథులతో, పండుగలతో, కోతలతో, కాన్పులతో లెక్కపెట్టుకొని ఉంటుంది: పెద్దదాని కాన్పు ముందు సంక్రాంతికి మొదలై శివరాత్రి దాకా, మళ్లీ రొట్టెల పండుగ వెళ్లిన నెలకు. కేసు కాగితంలో ఆ మాటలకు రెండు గీతల చోటు ఉంటుంది.